రాయప్ప పైపు విల్లు

దేశంకాని దేశంలో, నోబుల్ పార్క్ అనే పేటలో కౌన్సిల్ వాళ్లు పాత సామాను ఎత్తుకెళ్లే వారం వచ్చిందంటే రాయప్పకి పండగే. జనం విరిగిన కుర్చీలూ చిరిగిన కార్పెట్లూ తెచ్చి ఇళ్ల ముందు గడ్డిమీద పారేస్తారు. తొంభై ఒకటిలో అతను ఏరి తెచ్చుకున్నవి కరెంటు వైర్లు దూర్చే ప్లాస్టిక్ పైపు, కిటికీ బ్లైండు తాడు, టమాటా మొక్కలకి ఊతం పెట్టే వెదురు పుల్లలు, కార్పెట్ ముక్కలూ.

"ఏవండీ, ఆ చెత్తంతా మన గరాజులోకే రావాలా? పక్కింటాళ్లు చూస్తే ఏమనుకుంటారు?" అంది భార్య జ్ఞానకుమారి.

"వాళ్లదేగా, గుర్తుపడతార్లే."

కారు సీట్ల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి సీట్లు తలపైకెత్తి కొక్కేలకి తగిలించి తగిలించి అతని కుడి భుజం పోయింది. చెయ్యి రొమ్ము దాటి పైకి లేచేది కాదు. ఫిజియో అమ్మాయి ఒక రబ్బరు పట్టీ ఇచ్చి, తలుపుకి కట్టి రోజూ లాగమంది. లాగాడు. పట్టీ సాగేది, వదిలితే ముడుచుకునేది. అంతే. ఒళ్లు వంచి బతికినవాడికి అంతకంటే అవమానం ఏముంటుంది? లాగితే ఏదో ఒకటి జరగాలి కదా!

అందుకని విల్లు చేశాడు. పెరట్లో మాంసం కాల్చే బార్బీ పొయ్యి సెగమీద పైపుని తిప్పి తిప్పి, మెత్తబడ్డాక కొసలు రెండూ చెక్కల మధ్య పెట్టి కాలితో తొక్కాడు. గాట్లు కోసి బ్లైండు తాడు బిగించాడు. పాల డబ్బా కత్తిరించి వెదురు పుల్లలకి రెక్కలు అంటించాడు. మొనకి టేపు ఉండ చుట్టాడు. కార్పెట్ ముక్కల్ని చాపలా చుట్టి, కట్టి, కంచెకి ఆనించాడు. మొదట్లో తాడు జానెడు కూడా రాలేదు, బాణం కాళ్లదగ్గరే పడేది. నెలలు గడిచాక మోచెయ్యి భుజం ఎత్తుదాకా వచ్చింది. బాణం వెళ్లి కార్పెట్‌ని ధప్పుమని కొట్టిన రోజు రాయప్ప పెరట్లో ఒక్కడే నిలబడి నవ్వుకున్నాడు.

తెలుగువాళ్ల పిక్నిక్‌కి కూడా దాన్ని పట్టుకెళ్లాడు. డాక్టర్ వాసుదేవరావు చేతిలో కోక్ పక్కన పెట్టి, "ఏదీ, ఇలా ఇయ్యవయ్యా!" అని లాక్కున్నాడు. రెండు వేళ్లతో తాడుని చెవిదాకా లాగేశాడు.

"ఇదేం విల్లయ్యా రాయప్పా? మా కుక్కపిల్ల కూడా లాగుద్ది. టోటల్లీ యూజ్‌లెస్!"

అందరూ నవ్వారు. రాయప్పా నవ్వాడు.

ఆ తర్వాత, భుజం పోయి ఇంట్లో ఉన్నందుకు జీతం కట్టిస్తున్న ఇన్సూరెన్సు వాళ్లు అతన్ని పరీక్షకి పంపారు. భుజం నిజంగా పాడైందో, లేక నాటకమో డాక్టరు తేల్చాలి. నాటకమంటే మళ్లీ ఆ కొక్కేల కిందికే, అదీ అబద్ధాలకోరన్న ముద్రతో. తీరా వెళ్తే, ఆ గదిలో కూర్చున్నది వాసుదేవరావే. బల్లమీద ఫొటోలు పరిచి ఉన్నాయి. వెనక సందులో కారాపుకుని ఇన్సూరెన్సు మనిషెవడో తీసినవి. విల్లు లాగి నవ్వుతున్న రాయప్ప.

"ఇవి చూశాక నన్నేం రాయమంటావ్?"

"అది ఆ విల్లే కదండీ డాక్టరుగారూ. పిక్నిక్‌లో మీరే లాగారు."

"అది పిక్నిక్, ఇది రిపోర్టు."

"కుక్కపిల్ల లాగుద్దన్నారండీ. ఆ ఒక్క ముక్క రాయండి చాలు."

వాసుదేవరావు గొంతు తగ్గించాడు. "నీకు ఫేవర్‌గా రాస్తే, మనవాడు మనవాడికి రాసిపెట్టాడంటారు. నా పొజిషన్ అర్థం చేసుకోవయ్యా."

రాయప్పకి ఒళ్లంతా భగ్గుమంది. పిక్నిక్‌లో ఈయన కూర్చున్న కుర్చీ ఎవడు మోశాడు? ఎడం చేత్తో, వ్యాను నుంచి చెట్టు కిందిదాకా?

"కుర్చీలు మొయ్యడానికి మనవాణ్ణి. నిజం రాయాల్సొస్తే పరాయోణ్ణా? నువ్వు..."

జీవితంలో మొదటిసారి ఆయన్ని నువ్వన్నాడు. అంటూ లేచాడు. అతనితోపాటు వేలు చూపిస్తూ కుడి చెయ్యి కూడా లేచింది. రొమ్ము దాటి, భుజం దాటి, చెవి పైకి. ఇద్దరూ దానివంకే చూశారు. మరుక్షణం భుజంలో కత్తి దిగినట్టయింది. చెయ్యి వచ్చి బల్లమీద దబ్బున పడింది. రాయప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి.

డాక్టరు వంగి రాసుకున్నాడు.

"పడిపోయిందని కూడా రాయండి," అన్నాడు రాయప్ప.

వాసుదేవరావు కలానికి మూత పెట్టాడు.

రాయప్పని మళ్లీ కొక్కేల కింద నిలబెట్టారు. ఇప్పుడు ఎడం భుజం కూడా అరుగుతోంది.

మరుసటి పిక్నిక్‌కి అతను కుర్చీలు ముట్టుకోలేదు. విల్లు ఒక్కటే తెచ్చాడు. వచ్చిన ప్రతివాళ్ల చేతిలో పెట్టి, "ఒకసారి లాగండి," అన్నాడు. ముసలాళ్లు లాగారు, చంకలో పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు లాగారు. రెండు వేళ్లు చాలాయి. "ఇదేంటి రాయప్పా, ఇంత లూజు?" అని నవ్వినవాళ్లకల్లా, "దీన్ని లాగినందుకే నా భుజం బాగుందని రాశారండీ," అని చెప్పాడు. ఎవరు రాశారో వాళ్లు అడిగారు. అతను విల్లుతోనే చూపించాడు.

ఒకరి తర్వాత ఒకరు నవ్వు ఆపేశారు. చివరికి విల్లు తీసుకెళ్లి వాసుదేవరావు ముందు పట్టుకుని నిలబడ్డాడు.

"చేతిలో ప్లేటుందయ్యా," అన్నాడు డాక్టరు.

"తినండి. నేనుంటాను," అన్నాడు రాయప్ప. విల్లు దించలేదు.