దుబాయ్ పోయే బాలుకు చెప్పకుండా దాచిన మాట

ఆరేళ్లుగా ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. పెద్ద మాటేం కాదు. పలకడానికి అర నిమిషం కూడా పట్టదు. ఆ అర నిమిషం నేను నోరు తెరవనందుకు ఒక మనిషి బతుకు దారి తప్పింది. నా పేరు అడగకండి. జనగామలో ఫోటో స్టూడియో అంటేనే సగం మంది నన్ను పోల్చుకుంటారు, అంతకంటే ఎక్కువ చెప్పే ధైర్యం నాకు లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా భార్యకు కూడా చెప్పలేదు.

బాలుది గార్ల దగ్గర ఒక తండా. ఇంట్లో లంబాడీ మాట, బయట మన తెలుగు. దగ్గరి పట్నం మానుకోటలో చిన్న స్టూడియో పెట్టుకున్నాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. పెళ్లిళ్ల రోజుల్లో ఇద్దరం కలిసి పనిచేసేవాళ్లం. నేను మండపం దగ్గర నిలబడేవాణ్ణి. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, చుట్టాల వరుస ఫోటోలు నావి. బాలు జనంలో తిరిగేవాడు. ఎవరినీ నిలబడమనడు, నవ్వమనడు. ఉండీ లేనట్టు ఒక మూలన ఉంటాడు. పెళ్లికూతురు మేనత్త చాటుగా కళ్లొత్తుకునేది, పెళ్లికొడుకు తండ్రి ఆకలికి ఓర్చుకోలేక గారె కొరికేది, అవన్నీ అతనికే దొరికేవి. "అడిగి తీస్తే అది ఫోటో కాదన్నా, ఆధార్ కార్డు" అనేవాడు. అందరం పడీపడీ నవ్వేవాళ్లం.

ఆల్బమ్ చేతికిచ్చాక పెళ్లివాళ్లు నా ఫోటోలు గబగబా తిప్పేసి బాలు ఫోటోల దగ్గర ఆగిపోయేవాళ్లు. అప్పుడు మాత్రం నాకు నవ్వు వచ్చేది కాదు. ఏడుపు అనండి, కుళ్లు అనండి. నేను దానికి చాలాకాలం వేరే పేర్లు పెట్టుకున్నాను. బాలుకు పద్ధతి తెలియదు అనుకునేవాణ్ణి. లైటింగ్ సరిగా రాదు అనుకునేవాణ్ణి. నిజానికి అతనికి రానిదేమీ లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఆల్బమ్‌లు అచ్చువేసే ల్యాబ్ వాళ్లు, ఎక్కువ పని ఇచ్చే స్టూడియోల వాళ్లను అప్పుడప్పుడూ విదేశం తిప్పుకొస్తారు. అట్లా ఒకసారి నేనూ దుబాయ్ పోయొచ్చాను. ఐదు రోజులు. తిరిగొస్తే తోటి ఫోటోగ్రాఫర్లు దండ వేశారు, "దుబాయ్ అన్న" అని పేరు పెట్టారు. కానీ అక్కడ జరిగిన ఒక ముచ్చట నేను ఎవరికీ చెప్పలేదు. బజారులో ఒక తల్లి తన పిల్లవాడి మూతి తుడుస్తోంది. బాగుందని తీశాను. అడగాలని తోచలేదు. ఎట్లా తోస్తుంది? మన దగ్గర కెమెరా కనబడితే ముసలవ్వలు కూడా కొంగు సర్దుకుని "ఒక్క ఫోటో తియ్యి బిడ్డా" అంటారు. పెళ్లి ఫోటోగ్రాఫర్‌కైతే ఏ ఇంట్లోనైనా లోపలి గది దాకా దారి ఉంటుంది. మాకు అడిగే అలవాటే లేదు.

ఆమె భర్త వచ్చి కెమెరా పట్టుకున్నాడు. మా గైడ్ పరుగెత్తుకొచ్చి బతిమాలి, నా చేత ఆ ఫోటో తుడిపించాడు. తర్వాత పక్కకు పిలిచి గట్టిగా చెప్పాడు. ఇక్కడ మనుషులను అడగకుండా తీస్తే నేరం, అందులోనూ ఆడవాళ్లను, కుటుంబాలను అసలు తీయకూడదు, ఆయన పోలీసులకు ఫోన్ చేసి ఉంటే నీ గతి వేరే ఉండేది అని. నడిబజారులో వంగి వంగి దండాలు పెట్టాను. ఊళ్లో మెడలో దండ పడుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ దండాలే.

ఆ తర్వాతి ఏడు ఒక ఫోటోల పోటీ వచ్చింది. ఎంపికైన పదిమందిని దుబాయ్ పిలుస్తారు, వారం రోజులు ఆ నగరాన్ని తీయిస్తారు, ఆ ఫోటోలతో అక్కడే ప్రదర్శన పెడతారు. నేను కాళేశ్వరం దగ్గర గోదావరి మీద పొద్దుపొడుపు తీసి పంపాను. బాలు గార్ల వారపు అంగడిలో తీసిన ఫోటో పంపాడు. మిరపకాయల కుప్ప పక్కన కునుకుతున్న ఒక ముసలమ్మ ఉలిక్కిపడి లేచి, ఎవరూ చూడలేదు కదా అని తనలో తాను నవ్వుకుంటోంది. అంతే ఆ ఫోటో. నాది పోయింది. బాలుది నిలిచింది.

పోయే ముందు బాలు సలహా కోసం రైలెక్కి జనగామ వచ్చాడు. నాకు ఒక స్వీట్ల డబ్బా, మా ఆవిడకు తండా నుంచి పచ్చి పల్లికాయ తెచ్చాడు. ఒక పాత పెళ్లికార్డు తిప్పి పట్టుకుని, నేను చెప్పేదంతా దాని వెనక రాసుకున్నాడు. నేనూ బాగానే చెప్పాను. బ్యాటరీలు చేతిసంచిలోనే పెట్టుకో, పెద్ద సూట్‌కేసులో వేస్తే తీసేస్తారు. కెమెరా బిల్లు వెంట ఉంచుకో, తిరిగొచ్చేటప్పుడు ఎక్కడ కొన్నావని అడుగుతారు. అక్కడి ప్లగ్గులకు మన పిన్నులు పట్టవు, ఇక్కడే ఒక అడాప్టర్ కొనుక్కో. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తీయగానే అద్దం మీద ఆవిరి పడుతుంది, గుడ్డతో తుడవకు, సంచిలోనే ఉంచి కాసేపు బయటి వేడికి అలవాటు కానీ. పొద్దున ఎనిమిదింటి లోపు, సాయంత్రం ఐదు దాటాక తీయి, మధ్యాహ్నం వెలుతురు మొహాలను చంపేస్తుంది. నీళ్ల సీసా మరవకు. పడవ ఎక్కి పాత బజారు వైపు పోతే మంచి ఫోటోలు దొరుకుతాయి. కొత్త బూట్లు వేసుకోకు, కాళ్లు పుండ్లవుతాయి.

బూట్ల సంగతి కూడా చెప్పాను, చూడండి.

పాత బజారు అన్నప్పుడు ఆ మాట నోటి దాకా వచ్చింది. వచ్చిన సంగతి నాకు తెలుసు. మరిచిపోయానని మీతో కూడా అబద్ధమాడితే ఇదంతా రాయడం దేనికి? నేను ఆగాను. బాలు పెన్ను పట్టుకుని తలెత్తి చూశాడు. "ఇంకేమన్న ఉన్నాయన్నా?" అన్నాడు. "చాయ్ తాగు, చల్లారుతోంది" అన్నాను. ఆ సాయంత్రం రైల్వే స్టేషన్ దాకా వెళ్లి రైలెక్కించి వచ్చాను.

ఎందుకు ఆగాను? ఆ మాట చెబితే నడిబజారులో నేను పెట్టిన దండాలు కూడా చెప్పాల్సి వస్తుందనా? చాలా ఏళ్లు ఈ జవాబుతోనే సరిపెట్టుకున్నాను. సిగ్గుపడి చెప్పలేదంటే తప్పు కొంచెం చిన్నగా కనిపిస్తుంది. కానీ పేరు లేకుండా కూడా చెప్పొచ్చు కదా, ఎవరో ఒకాయనకు ఇట్లా అయిందట అని. అడగకుండా తీయడమే బాలు విద్య అని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అక్కడికి పోతే వాడు ఆ పనే చేస్తాడని నాకు తెలుసు. జైలు పాలు కావాలని కోరుకోలేదు. ఒక చిన్న దెబ్బ తగిలితే బాగుండునని మాత్రం కోరుకున్నాను. ఎంత చిన్నదో నేనే కొలిచి ఇచ్చేవాడిలాగా.

రెండో రోజే అయింది. పార్కులో ఒకావిడ కూతురికి జడ వేస్తుంటే తీశాడు. వాళ్లు ఫిర్యాదు చేశారు. పోలీసులు వచ్చి కెమెరా తీసుకున్నారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల ఊళ్లో వాళ్ల కట్టుబాటు అది. బాలు మూడు రోజులు స్టేషన్‌లో కూర్చున్నాడు. భాష రాదు, ఎవరికి ఏం చెప్పుకోవాలో తెలియదు. చివరికి ఇంకోసారి ఇట్లా చేయనని రాయించుకుని వదిలారు. ప్రదర్శన వాళ్లు అతని పేరు తీసేసి విమానం ఎక్కించారు. కెమెరా అక్కడే ఉండిపోయింది.

వచ్చిన నాలుగో రోజు మా స్టూడియోకు వచ్చాడు. మనిషి సగమైపోయాడు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. జేబులోంచి ఆ పెళ్లికార్డు తీశాడు. ఆ తర్వాత మేం మాట్లాడుకున్నది ఒక్క అక్షరం కూడా నేను మరిచిపోలేదు.

"అన్నా, ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. గట్ల అడగకుంట తియ్యొద్దని నువ్వు నాకు చెప్పినవా?"

నేను కంప్యూటర్ వైపు తిరిగి ఎవరిదో ఆల్బమ్ తెరిచాను.

"గీ కార్డు మీదైతే లేదు. మా ఇంటామె అడుగుతాంది, అన్న పోయొచ్చినోడు గదా, చెప్పకుంట ఉంటడా అని. నాకేమో సమజైతలేదు."

అక్కడ నాకు ఇంకో అవకాశం దొరికింది. చెప్పలేదు తమ్మీ, తప్పయింది అంటే సరిపోయేది. నేను ఇట్లా అన్నాను:

"చెప్పిన గద తమ్మీ. కార్డు మీద రాసుకోలె నువ్వు. స్టేషన్ల, రైలు ఎక్కేముంగట చెప్పిన. సరే అన్నా అన్నవ్ గూడ."

బాలు కార్డును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"నాకు యాదికే లేదన్నా. నా దిమాక్ ఖరాబైంది. నువ్వు గంత మంచిగ చెప్పినంక గూడ ఇనకపోతి."

"పోనీ తియ్యి. అయిందేదో అయింది" అన్నాను. భుజం మీద చెయ్యి కూడా వేశాను.

చెప్పకపోవడం ఒక పాపం. అది కుళ్లు వల్ల జరిగింది. ఈ రెండోదాన్ని ఏమనాలి? అతని కెమెరా పోయింది, పేరు పోయింది. నేను ఆ రోజు, అతని బుర్ర మీద అతనికున్న నమ్మకం కూడా తీసేశాను. అదీ ఎంత తేలిగ్గా! స్టేషన్‌లో చెప్పిన మాట, సరే అన్నా అన్న జవాబు, అన్నీ అప్పటికప్పుడు అల్లాను. అంత బాగా అబద్ధమాడగలనని నాకే తెలియదు.

ఊరి నోరు మూయడానికి మూకుడు లేదంటారు. "ఆడోళ్ల ఫోటోలు తీసి జేలుకు పోయిండట" అన్న మాట మానుకోట నుంచి జనగామ దాకా పాకింది. పెళ్లి ఫోటోగ్రాఫర్‌కు ఆ ఒక్క మాట చాలు. పెళ్లికూతురును ముస్తాబు చేసే గదిలోకి అట్లాంటివాణ్ణి ఎవరు రానిస్తారు? ఒప్పుకున్న పెళ్లిళ్లు ఒక్కొక్కటే చేజారాయి. వాటిలో కొన్ని నా దగ్గరికే వచ్చాయి. నేను తీశాను. ఎవరైనా బాలు సంగతి అడిగితే "మంచోడే పాపం, ముందే చెప్పిన, ఇనలే" అనేవాణ్ణి. జాలిగా అనేవాణ్ణి. ఆ ఏడాది చివర బాలు స్టూడియో మూసేశాడు.

పోయిన కార్తీకంలో మేం కాళేశ్వరం పోయాం. అక్కడ గోదావరి మెట్ల దగ్గర, వచ్చిన భక్తులకు ఫోటో తీసి అప్పటికప్పుడే ప్రింటు ఇచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లలో బాలు కనిపించాడు. భూపాలపల్లిలో గది తీసుకుని ఉంటున్నాడట. నన్ను చూసి "అన్నా" అంటూ పరుగున వచ్చాడు. మా ఆవిడకు దండం పెట్టాడు. మమ్మల్ని ఒక ఫోటో తీస్తానన్నాడు.

"వదినా, తియ్యాల్నా? ఏమనుకోరు గదా? కొంగు గట్లనే ఉంచుతరా, సదురుకుంటరా?"

తియ్యమని చెప్పాక కూడా ఇంకోసారి అడిగాడు. కెమెరా కంటికి ఆనించాక, దించి, మళ్లీ అడిగాడు. ఫోటో వచ్చింది. ఇద్దరం బిగుసుకుని నిలబడ్డాం. నేను తీసే ఫోటోల్లాగే ఉంది. పక్కన ఒక చిన్నపిల్ల తడి జుట్టు విదిలిస్తూ నీళ్ల చుక్కలు చూసి మురిసిపోతోంది. ఒకప్పటి బాలు అయితే వదిలేవాడు కాదు. అతను చూశాడు. చూసి, కెమెరాను పొట్టకు ఆనించి పట్టుకుని, తల అటు తిప్పుకున్నాడు.

డబ్బులిస్తే తీసుకోలేదు. మా ఆవిడతో నవ్వుతూ అన్నాడు: "అన్న నాకు ముందే చెప్పిండు వదినా. నేనే ఇనలే. ఇని ఉంటే గిట్ల అయ్యేటోణ్ని కాదు."

కారులో మా ఆవిడ "నువ్వంటే ఎంత పాణం ఆయనకు" అంది. నేను పాటల సౌండ్ పెంచాను.

ఇప్పుడు మాత్రం ఎందుకు రాస్తున్నానో నాకే సరిగ్గా తెలియదు. మన్నించమని అడగడం లేదు. అడిగితే బాలు మన్నిస్తాడు, "పోనీ తియ్యన్నా" అంటాడు. నేను అతనికి ఏ మాట చెప్పి పంపానో అదే మాట నాకు చెబుతాడు. దాన్ని వినే మొహం నాకు లేదు. పోయిన పెళ్లిళ్లు తిరిగి రావు. ఆ చేతికి పట్టిన భయం, నేనెంత రాసినా వదులుతుందా? వదలదేమో. అయినా ఇక్కడి దాకా రాశాక గుండెలో ఏదో కొంచెం సడలింది. నాకు దక్కేది అంతే. అంతకంటే ఎక్కువ దక్కకూడదు కూడా.

ఈ కాగితం ఎప్పుడైనా బాలు చేతిలో పడితే, పైదంతా చదవకపోయినా పర్వాలేదు, ఇదొక్కటి చదవాలి. మనం మాట్లాడుకునే మాటలోనే రాస్తున్న.

బాలూ, నేను నీకు చెప్పలే. ఇంట్ల చెప్పలే, స్టేషన్ల చెప్పలే. తెలిసి తెలిసి చెప్పలే. నువ్వు మర్సిపోయింది ఏం లేదు తమ్మీ. నీ దిమాక్ మంచిగనే ఉండె.