శుక్రవారం పూట తాపీ పని

తాపీని గదిలోనే పెట్టి రమ్మని మేస్త్రీకి ముందురోజే చెప్పాను. ఆరు రోజులూ దానితోనే కాపురం చేస్తావు, శుక్రవారం ఒక్కరోజు దానికీ సెలవివ్వమన్నాను. సరేనన్నాడు. పొద్దున్నే కల్బాలో కంపెనీ పికప్ ఎక్కేటప్పుడు చూస్తే, రొట్టెల సంచిలోంచి దాని పిడి బయటికి కనబడుతూనే ఉంది.

ఎనభైల మొదట్లో, అరబ్బు దేశంలో మాట. నేను ఆ కంపెనీలో టైమ్ కీపర్‌ని. ఐదేళ్లలో గోడలు లేవడం తప్ప ఇంకేమీ చూడలేదు. వీసా రద్దు చేయించుకున్నాను, మంగళవారం విమానం. అంటే అదే నా చివరి శుక్రవారం. దిబ్బా రేవు నుంచి పడవలో ఉత్తరంగా వెళ్తే కొండల మధ్యకు సముద్రం సన్నగా చొచ్చుకుపోయే ఖోర్ ఒకటుందని, దాని లోపలి మలుపు చూడకుండా వెళ్లిపోవద్దని మా ఇంగ్లీషు ఇంజనీరు చెప్పాడు. అక్కడ ఏమేం చేయాలో కాగితం మీద రాసిచ్చాడు కూడా. మలుపు దాటాక ఈత కొట్టాలి, గాలం వెయ్యాలి, కొండగట్టు ఎక్కి రెండు వైపులా సముద్రం చూడాలి. ఒక్కణ్ణే వెళ్లలేక మేస్త్రీనీ, అతని ఊరివాళ్లిద్దర్నీ వెంటబెట్టుకున్నాను. నా బుద్ధిననుకోవాలి.

పడవవాడు దారిలో ఒక చిన్న పల్లె దగ్గర ఆగాడు. నాలుగు రాతి ఇళ్లు, వెనక నిట్టనిలువు కొండ. అక్కడుంటున్న వాళ్లమ్మకు రెండు పీపాల మంచినీళ్లు దించాలి, పది నిమిషాలన్నాడు. వాన నీళ్లు పట్టుకునే ఆమె తొట్టి అడుగున పగిలిందట. సిమెంటు తెచ్చి పెట్టినా పనివాడు దొరకలేదట. ఆ మాట మాకు అర్థమయ్యే హిందీలో చెప్పడమే అతను చేసిన తప్పు. మేస్త్రీ అప్పటికే తొట్టిలోకి దిగాడు.

“సారు, గీ పగులు జూడుండ్రి. గంట పని.”

“ఇవాళ శుక్రవారం మేస్త్రీ. మనం చూడ్డానికొచ్చాం, కట్టడానికి కాదు.”

“గంటనే సారు.”

ఆ గంట మూడు గంటలైంది. ఒడ్డంతా ఇసుకే ఉంటే, ఉప్పిసుక పనికిరాదని పైన వాగులోంచి మోయించాడు. నాచేత కూడా మోయించాడు. సముద్రపు నీళ్లు కలపనంటే కలపనన్నాడు. పీపాల్లోవి ముసలామె నీళ్లు, ముట్టొద్దన్నాడు. మేం తాగడానికి తెచ్చుకున్న క్యాను మొత్తం సిమెంటు మాలులో పోశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సైటులో మేం ముదీర్ అని పిలిచే మేనేజరు ఎదుట పని తప్పించుకోవడానికి వంద సాకులు చెప్పే మనుషులే వీళ్లు. ఇక్కడ అడిగినవాడు లేకపోయినా చెమటలు కక్కుతున్నారు.

వారం రోజులు గోనె సంచులు తడిపి పూత మీద కప్పి ఉంచాలని మేస్త్రీ ఆమెకు తెలుగులో చెప్పాడు. ఆమె అరబీలో ఏదో అంది. ఇద్దరూ తలలూపుకున్నారు. పడవవాడు సముద్రం వైపు చూశాడు.

“ఖలాస్. హవా ఉఠ్ గయా. యల్లా, వాపస్.”

గాలి లేచింది, ఇక వెనక్కే అంటున్నాడు. మలుపు అక్కణ్నుంచి కనబడుతూనే ఉంది. రెండు కొండలు దగ్గరికొచ్చిన చోట పచ్చటి నీళ్లు కొంచెం మెరిశాయి. పడవ వెనక్కి తిరిగింది. గొంతెండిపోయి ఉన్నానేమో, మేస్త్రీ మీద విరుచుకుపడ్డాను. ఐదేళ్లకు ఒక్కరోజు కావాలనుకుంటే, దాన్నీ సిమెంటులో కలిపేశావన్నాను.

అతను తాపీని గోనెగుడ్డతో తుడుచుకుంటూ, “సూడనీకి ఏమున్నది సారు, నీళ్లే గద,” అన్నాడు. “గా అవ్వకు తాగనీకి గవే లెవ్వు.”

నాకు ఇంకా కోపమొచ్చింది. దిబ్బా చేరేదాకా అతనికి వీపు పెట్టి కూర్చున్నాను.

ఇంజనీరు కాగితం ఎక్కడో పోయింది. మలుపు అవతల ఏముందో చూడలేదన్న బాధా పోయింది. కానీ ఇప్పటికీ ఆకాశం మబ్బు పడితే నాకు ఆ తొట్టి గుర్తొస్తుంది. ఆమె గోనె సంచులు తడిపిందో లేదో, నీళ్లు నిలిచాయో లేదో తెలియదు. ఇంకో వారం ఆగి విమానం ఎక్కి ఉంటే, వెళ్లి చూసి వచ్చేవాణ్ణి.