మ్యూజియంలో ముగిసిన సగం చీర

మీరు లక్ష్మీనరసమ్మను కలిసి తీరాలి! ధర్మవరం వెళ్తే చీరల బేరం తర్వాత చేసుకోవచ్చు, ముందు ఆమె ఇంటికి వెళ్ళండి. ఇప్పుడు తొంభై దాటాయి గానీ, ఒకప్పుడు ఒక మ్యూజియం ఆఫీసరును తన దారికి తెచ్చుకున్న మనిషి ఆమె.

1983 నాటి సంగతి. ఆమె భర్త శ్రీరంగప్ప మోకాళ్ళు పట్టేసి, నేసేవాళ్ళు కాళ్ళు దింపుకునే మగ్గం గుంటలోకి దిగలేకపోతున్నాడు. అప్పుడే అనంతపురంలో కొత్తగా తెరిచిన చిన్న మ్యూజియం ఆఫీసరు బాలసుబ్రహ్మణ్యం పాత మగ్గం వెతుక్కుంటూ వచ్చాడు. దానిమీద సగం నేసిన పచ్చ పట్టుచీర చూసి మురిసిపోయాడు. "ఇది ఇలాగే ఇచ్చేయండి" అన్నాడు. లక్ష్మీనరసమ్మ ఆ రోజు యాడికి అనే ఊళ్ళో చెల్లెలింట్లో ఉంది. శ్రీరంగప్ప ఉబ్బిపోయి చీరతో సహా ఇచ్చేశాడు. పైగా మ్యూజియం హాల్లో గుంట కూడా తవ్వించాడు. "గుంట లేకుంటే కాళ్ళు నెత్తిన పెట్టుకోవాల్నా సామీ?" అన్నాడు.

ఆమె తిరిగొచ్చి నెత్తి కొట్టుకుంది. వాళ్ళింట్లో ఒక కట్టుబాటుంది. మగ్గం మీద చీర సగంలో ఆగితే, అది దిగేదాకా పెళ్ళిమాట ఎత్తరు. అవతల మనవరాలు లలితకు సంబంధం కుదరబోతోంది!

"మ్యూజియంలో నా పేరు రాసిపెట్టినారు లేవే" అన్నాడు శ్రీరంగప్ప.

"ఆ పేరొచ్చి పిల్లకు తాళి కడతాదా?"

ఆ పూటే బస్సెక్కి బాలసుబ్రహ్మణ్యం ముందు నిలబడింది. "చీర ముగిచ్చి తీసకపోతా సామీ."

"కుదరదమ్మా. ఇక్కడికొచ్చిన వస్తువు వచ్చినట్టే ఉండాలి."

"వస్తువా? చీరప్పా అది! కట్టుకునేది!"

ఆయన మగ్గం మీద వేలాడే 'తాకరాదు' బోర్డు చూపించాడు. ఆమె బుద్ధిగా తలూపి వెళ్ళిపోయింది.

అంత బుద్ధిగా వెళ్ళినప్పుడే ఆయన అనుమానించి ఉండాల్సింది.

ఆదివారం ఆఫీసరు రాడు. ఆదివారం ఆమె వచ్చింది. ఒళ్ళో పట్టుదారం, టిఫిన్ డబ్బాలో ఓళిగలు, అదే బొబ్బట్లు. ఓళిగలు కాపలాదారు బసప్పకు. అతను గోడవైపు తిరిగి తిన్నాడు. "నేనేమీ చూడలా పోక్కా" అన్నాడు. అలా వారం వారం సాగింది. నేసిన బట్ట నేసినట్టు కింది కర్రకు చుట్టుకుపోతుంది కదా, పైకి చీర ఎప్పుడూ సగమే కనబడేది. ఆఫీసరుకు ఏం తెలుస్తుంది?

ఒక సోమవారం తెలిసింది. మగ్గం మీద కొంగు మొదలైంది. జరీ నెమళ్ళు!

"బసప్పా, ఈ నెమళ్ళెక్కడివి?"

"పోయిన వారం గుడ్లుండె సార్. పొదిగినట్టుండాయి."

మరుసటి ఆదివారం బాలసుబ్రహ్మణ్యం స్తంభం చాటున నక్కి చూశాడు. పాత కత్తుల ముందు క్షణం కూడా నిలవని జనం మగ్గం చుట్టూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒకామె దారం మోసే నాడె విసరబోయి పక్కామె ఒళ్ళోకి విసిరింది. నవ్వులే నవ్వులు.

"దా సామీ, దాక్కునింది చాల్లే" అంది లక్ష్మీనరసమ్మ. "చీరయిపాయ. ఇంద కత్తెర. మగ్గం యా ఇంట్లో ఉంటే ఆ ఇంటాయనే కొయ్యాల."

"రేపు హైదరాబాదు నుంచి పెద్దాఫీసర్లు వస్తున్నారమ్మా, ఈ సగం చీర చూడ్డానికే! బోసి మగ్గం చూపించనా?"

"కొత్త పడుగు దారాలెక్కిచ్చు. నేనే వచ్చి అందురి ముందరా నేస్తా. కానీ దిగాల్సిన చీర దిగాల." తర్వాత గొంతు తగ్గించింది, హాలంతా వినబడేంత మాత్రమే. "నీకింకా పెండ్లి కాలేదంట గదా? సగం చీర ఇప్పుడు నీ ఇంట్లోనే ఉండాది. చూసుకో మల్ల!"

జనం గొల్లుమన్నారు. బసప్ప అడిగాడు, "బోర్డు తిప్పి పెట్టేదా సార్?"

ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. బోర్డు చూశాడు, నెమళ్ళు చూశాడు, కత్తెర అందుకున్నాడు.

కసక్!

లలిత పెళ్ళికి ఆ చీరే కట్టింది. పెద్దాఫీసర్లు ఏమన్నారో బాలసుబ్రహ్మణ్యం ఇంతవరకూ నోరు విప్పలేదు. మగ్గం మీదికి మాత్రం కొత్త పడుగొచ్చింది, బోర్డు ఎటో పోయింది.

నిజం చెప్పండి. చుట్టూ నవ్వే జనం, ఎదురుగా లక్ష్మీనరసమ్మ, తెల్లారితే పెద్దాఫీసర్లు. ఆ కత్తెర మీ చేతిలో పెడితే ఏం చేసేవారు?