తడిసిన డప్పు

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వులాటే. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా పనిచేసినవాణ్ని. చప్పుడు వస్తోందంటే ఎక్కడో ఏదో వదులై ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. నాకు తెలిసిన చదువు అంతే. ఒక్క చప్పుడు విషయంలో మాత్రం నా చదువు పనికిరాలేదు. అది చెబుతాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

సికింద్రాబాదులో బన్సీలాల్‌పేట బావికి దగ్గర్లో మా బస్తీ. మాది డప్పు కొట్టే ఇల్లు. మొహర్రం పదోనాడు పీరును బావి దాకా తీసుకెళ్లేటప్పుడు వెనక నడుస్తూ డప్పు కొట్టే హక్కు మా తాత నాటినుంచి మాదే. చేతి పంజాలా ఉండే ఇత్తడి పీరుకు రంగు గుడ్డలు కట్టి ఎత్తుకునేది హుసేన్ సాయిబు. దూది ఏకి పరుపులు కుట్టడం ఆయన పని. ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. మా నాయనా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు, నేను మామా అనేవాణ్ని.

పోలీసు యాక్షన్ అయిన రెండు నెలలకే ఆ ఏడు పీరీల పండుగ వచ్చింది. అంతకుముందు రజాకార్ల గొడవల్లో మా అక్క మొగుణ్ని వాళ్ల ఊళ్లో కొట్టి చంపారు. ఎవరు చంపారో ఈనాటికీ తెలియదు. చంపినవాడు దొరకలేదు కాబట్టి, కళ్ల ముందున్న హుసేన్ మామ నాకు శత్రువయ్యాడు. ఆయన చేసిన తప్పేమిటో అప్పుడు అడిగితే చెప్పలేకపోయేవాణ్ని. అయినా ఆయన ఎదురైతే పళ్లు పటపట కొరికేవాణ్ని.

బస్తీ అంతా అలాగే ఉంది. పక్క వీధి తాలీంలో కుస్తీలు పట్టే నలుగురు పహిల్వాన్లు, ఈసారి పీరుకు డప్పు కొట్టినవాడి చేతులు విరగ్గొడతామని చాటారు. వాళ్లకు భయపడి నేను ఆగానని కొందరనుకున్నారు. కాదు, వాళ్లు చెప్పకపోయినా కొట్టేవాణ్ని కాదు.

తొమ్మిదోనాడు పొద్దున హుసేన్ మామ మా గుమ్మం ముందుకు వచ్చాడు. లోపలికి రమ్మని నేను అనలేదు.

"మల్లయ్యా, డప్పు లేకుండ పీరు లేసిన దినం లేదు బిడ్డా. నువ్వు రాకుంటే రేపు ఒక్కణ్నే పోతా. అటెంక మూట కట్టుకొని గుల్బర్గల బిడ్డ కాడికి పోతం. ఈడ మాకేమున్నది?"

"పో మామా, ఎవరొద్దన్నరు?" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగాడు. మా నాయన పాడె మోసిన మనిషి అలా తల వంచుకుని పోతుంటే నాకు ఒక్క క్షణం ఏదోలా అయింది. రేపు మనసు మెత్తబడుతుందేమోనని నా మీద నాకే అనుమానం వచ్చింది. పదోనాడు మధ్యాహ్నం డప్పును దింపి, తోలు మీద చెంబెడు నీళ్లు గుమ్మరించి, మళ్లీ నీడన గోడకు తగిలించాను. నిప్పు సెగకు కాచి బిగిస్తేనే పలికే తోలు అది. తడిస్తే పూటంతా ఎండబెట్టినా లేవదు.

"కోపం ఆయన మీదుంటే తోలు మీద చూపిస్తవేంది?" అని నా భార్య సాయమ్మ తిట్టింది.

పొద్దు కాస్త వాలాక పీరు లేచింది. వీధిలో తలుపులు ఒకదాని తర్వాత ఒకటి మూసుకోవడం వినబడింది. నేనూ మూశాను. హుసేన్ మామ బొంగురు గొంతుతో పీరీల పాట పాడుకుంటూ వస్తున్నాడు. వంత పాడేవాళ్లు లేరు. బాగా అయిందిలే అనుకున్నాను.

అప్పుడు డప్పు మోగింది.

సాయమ్మ నా వైపు చూసి, తర్వాత గోడ వైపు చూసింది. డప్పు గోడకే ఉంది. అంచు నుంచి నీళ్లు చుక్కలుగా కారుతున్నాయి.

వీధిలో మోగుతున్న దెబ్బ నాకు తెలిసిందే. మా నాయన ఎడమచేతి వేలు ఒకటి రాళ్ల పనిలో నలిగిపోయింది. అందుకని ఆయన మూడు దెబ్బలు కొట్టాక ఆ చేతిలోని సన్నపుల్ల రవ్వంత ఆలస్యంగా పడేది. నేర్చుకుందామని నేను ఎంత ఏడ్చినా రాలేదు. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు.

ఆ చప్పుడు దగ్గరికొచ్చి, మా గుమ్మం దాటకుండా అక్కడే మోగుతోంది. పీరు ఆగిన ఇంటివాళ్లు, ఎత్తుకున్న మనిషి కాళ్ల మీద నీళ్లు పోయాలి. సాయమ్మ చెంబు పట్టుకుని లేచింది. నేను తలుపుకు వీపు ఆనించి అడ్డం నిలబడ్డాను. ఒక్కో దెబ్బకూ చెక్క అదిరి నా వీపుకు తగులుతోంది. చాలాసేపు ఆగి, పాటా డప్పూ కలిసి ముందుకు సాగిపోయాయి.

కాసేపటికి పహిల్వాన్లు తలుపు తన్నుకుంటూ వచ్చారు. "కొట్టద్దంటే కొడ్తవారా?" అని ఒకడు నా చెయ్యి మెలిపెట్టాడు. నేను గోడ చూపించాను. ఇంకొకడు తోలు మీద వేలు పెడితే మెత్తగా లోపలికి దిగింది. చూరులో దోపిన పుల్లలకు బూజు పట్టి ఉంది. మొదటివాడు నా చెయ్యి వదిలేశాడు.

"మరి కొట్టిందెవడు?" అన్నాను.

"మాకేమెర్క? చప్పుడు ఇని ఉరికొచ్చినం. ముసలోడొక్కడే బావి మెట్లు దిగుతున్నడు."

వచ్చినంత జోరుగా పోలేదు వాళ్లు.

తర్వాత ఇల్లిల్లూ తిరిగి అడిగాను. అందరూ విన్నారు, నేనే కొట్టాననుకున్నారు. పంతం కొద్దీ ఒక్కడూ తలుపు తీసి చూడలేదు. మాకు దగ్గర్లో డప్పు ఉన్నది బోయిన్‌పల్లివాళ్లకే. అక్కడికీ వెళ్లాను. ఆ రోజు వాళ్లంతా ఒక చావు దగ్గర ఉన్నారట.

మర్నాడు హుసేన్ మామ గిన్నెలో, రొట్టెలు బెల్లంతో నలిపి చేసిన మలీద తెచ్చాడు. కళ్లనిండా నీళ్లు.

"పీరు ఎత్తుకున్నోడు ఎన్కకు తిరగొద్దు గద, అందుకే చూడలే. గని నువ్వు ఎన్క వస్తున్నవని కాళ్లకు బలమొచ్చింది బిడ్డా. గుల్బర్గ లేదు ఏం లేదు, ఈడనే ఉంట."

నేను కాదని చెప్పడానికి నోరు తెరిచాను. సాయమ్మ గిన్నె అందుకుంటూ నా వైపు చూసింది. నోరు మూసుకున్నాను. ఆయన మీద కోపం ఆ రోజుతో పోయిందని చెబితే అబద్ధం. కానీ నేను కొట్టని డప్పుకు వచ్చిన ఆ మలీదను సాయమ్మకే వదిలేశాను.

మరుసటి ఏడు డప్పు బాగా కాచి, ఆయన వెనక నేనే నడిచాను. పహిల్వాన్లు ఆపలేదు. ఒళ్లు వంచి చెమటలు కారేలా కొట్టాను. బావి దగ్గర పీరు దించాక హుసేన్ మామ నా భుజం తట్టాడు.

"మంచిగనే కొట్టినవ్ గని, పోయినేడు లెక్క రాలే. గప్పుడు అచ్చం మీ నాయిన లెక్క కొట్టినవ్."

ఆయన మా బస్తీలోనే పోయాడు. పోయేదాకా నేను ఆయనకు నిజం చెప్పలేదు. చెప్పాలన్నా ఏమని చెప్పాలి? ఆ రోజు నా వీపుకూ ఆ దెబ్బకూ మధ్య ఒక్క చెక్క తలుపే అడ్డం. గడియ తీసి ఉంటే మా నాయన ముఖం కనిపించేదో, ఖాళీ వీధి కనిపించేదో నాకు తెలియదు. తీయలేదు.