అనుమతి లేని షీటు

మా ఆయన పోయిన ఏడు నెలలకు, కర్నూలు ఆఫీసులో కూర్చుని నేను కంప్యూటరులో ఒక షీటు తయారుచేశాను. చేయమని ఎవరూ అడగలేదు. రెండు మధ్యాహ్నాలు పట్టింది.

మాది వేరుశనగ విత్తనాల కంపెనీ. కోడుమూరు, రాయచోటి, బద్వేలు గోదాముల నుంచి రైతులకు విత్తనం ఇస్తాం. ఏ గోదాములో ఎన్ని బస్తాలున్నాయో కంపెనీ సాఫ్ట్‌వేర్ చెబుతుంది. ఎక్కడ వాన పడిందో చెప్పదు. మెట్ట పొలంలో విత్తాలంటే నేలలో తగినంత తడి ఉండాలి. దాన్నే పదును అంటారు. గాలి తోలితే రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది. ఆలోపు కర్నూలు నుంచి విత్తనాల లారీ ఆ గోదాముకు చేరాలి. పదును రాసుకోవడానికి ఒక గడి పెట్టమని కడపలో ఉన్న మా ఐటీ విభాగానికి రెండుసార్లు రాశాను. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. వాన ఎవరి పరిశీలన కోసమూ ఆగదు.

నా షీటులో మూడు గోదాములకు మూడు వరుసలు. బస్తాలెన్ని, పదును ఉందా లేదా, అంతే. గోదాముల వాళ్లు ఫోనులోనే నింపొచ్చు. పక్కనున్న లారీల జాబితా ఆ వరుసలు చదువుకుని, ఏ లారీ ఎక్కడికి వెళ్లాలో తానే చూపిస్తుంది. మొదటి ఉదయం కోడుమూరు గడిలో అంకె నా కళ్ల ముందే మారడం చూసి కుర్చీలోంచి లేచాను. లేచి ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చున్నాను. ఆఫీసులో అందరూ నాతో గొంతు తగ్గించి మాట్లాడుతున్న రోజులవి. గోదాముల వాళ్లకు నా సంగతి తెలియదు. పెద్దగా అరిచి మాట్లాడేవారు. అది బాగుండేది. ఆ వారం ఆకలి కూడా సరిగ్గా వేసింది. తప్పేమో అనిపించింది గానీ షీటు మూయలేదు.

రెండో వారం ఒక ఉదయం రాయచోటి గోదాము నుంచి ఫోను.

"ఏమ్మా, లారీ యాడుండాది? మొన్న వానకి పదునైంది. ఈడ జనాలు పొద్దున్నుంచి కాచుకోనుండారు. రేపు దాటితే నేల బిగుసుకుంటాది."

"తెల్లారకముందే బయల్దేరింది కదన్నా," అంటూ జాబితా చూశాను. లారీ బద్వేలుకని ఉంది. బద్వేలులో చుక్క పడలేదు.

షీటు పైభాగం చూశాక అర్థమైంది. ముందురోజు కోడుమూరు గోదాము చూసే పెద్దాయన అన్నిటికన్నా పైన కొత్త వరుస చేర్చి 'శ్రీ' అని రాశాడు. వాళ్లది తరాలుగా అంగళ్లు నడిపిన ఇల్లు. పైన శ్రీ లేకుండా సరుకుల చీటీ కూడా మొదలుపెట్టరు. దాంతో మూడు వరుసలూ ఒక మెట్టు దిగాయి. లారీల జాబితా మాత్రం రెండోది రాయచోటి, మూడోది బద్వేలు అనుకునే చదివింది. రాయచోటి పదును బద్వేలుదైపోయింది. తప్పు ఆయనది కాదు. ఊరి పేరు చూడమనకుండా వరుస అంకె చూడమని దానికి చెప్పింది నేనే.

డ్రైవరుకు ఫోను చేశాను. మైదుకూరులో ఉన్నాడు. బద్వేలు దారి విడిపోయేది అక్కడే.

"బద్వేలుకు తిప్పొద్దప్పా! కడప మీదుగా రాయచోటికి పో."

"టీ అన్నా తాగనీ మేడమ్. మీ కంప్యూటరుకు ఊర్లు తెలీవా ఏంది?"

మధ్యాహ్నానికి లారీ చేరింది. మరుసటి రోజు విత్తారు.

సంగతి ఐటీ విభాగానికి తెలిసింది. అనుమతి లేని షీటు వెంటనే ఆపాలి, కడపకు వచ్చి మాట్లాడాలి అని మెయిల్. ఆపితే, వాన కోసం చూస్తున్న బద్వేలు రైతులకు విత్తనం ఎప్పుడు పంపాలో ఎవరికీ తెలియదు. ఆపకుండానే బస్సెక్కాను.

ఐటీ అధికారి నాకన్నా చిన్నవాడు. లారీ సంగతంతా నేనే ముందు చెప్పేశాను.

"ఇందుకే మేడమ్ మేం తాళాలేసేది," అన్నాడు. "మీ షీటులో ఎవరైనా ఏమైనా రాయొచ్చు. రేపు మీరు సెలవు పెడితే దాన్ని బాగుచేసేదెవరు?"

ఆ ఏడాది నేను ఐదు వారాలు సెలవులో ఉన్నాను.

"మీ తాళం తీసేలోపల నేల ఆరిపోతాది సార్," అని మాత్రం అన్నాను.

ఆయన తన కుర్చీ నా పక్కకు లాక్కున్నాడు. రెండు గంటలు పనిచేశాం. వరుసలు ఎవరూ కదపకూడదు. ఎవరి గడిలో వాళ్లే రాయాలి. లారీ కదిలే ముందు ఐటీ విభాగంలో ఒకరు చూసి అనుమతి నొక్కాలి. నేను లేనప్పుడు చూసేందుకు ఇంకొకరు. పదును గడి నేను పెట్టినట్టే ఉంటుంది. ఇంత పని ఇంత త్వరగా జరగడం ఆ ఆఫీసులో నేనెప్పుడూ చూడలేదు. మధ్యలో కోడుమూరు పెద్దాయన ఫోను చేస్తే, ఐటీ సారు పక్కనే ఉన్నారని చెప్పి స్పీకరులో పెట్టాను.

"ఏం తల్లీ, పైన రాయనీకుండా ఉండాదే ఇది! శ్రీ లేకుండా ఎట్ల మొదలుపెట్టేది?"

"నేనే రాసి తాళమేస్తా పెద్దాయనా. ఇంగెవరూ చెరపలేరు," అన్నాడు అధికారి.

"అట్లయితే మీరు మంచోళ్లేనప్పా. ఇన్నాళ్లూ ఊరికే తిట్టుకుంటి."

అధికారి నవ్వాడు. అయినా షీటు అప్పుడే నడపడానికి ఒప్పుకోలేదు. పైవాళ్లకు కాగితం పెడతాను, సంతకం వచ్చేదాకా షీటు ఆపుదాం అన్నాడు. వారం పడుతుందట.

మేం చూస్తుండగానే బద్వేలు గడి మారింది. పదును ఉంది. బస్తాలు పదకొండే.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఇది ఇప్పుడేనా రాసింది?"

"ఇప్పుడే. పొద్దున వాన పడుంటుంది."

"లారీ ఉండాదా మేడమ్?"

"ఉంది సార్. అనుమతి నొక్కాల్సింది మీరు. ఇందాకే కదా పెట్టుకున్నాం."

ఆయన మూసి ఉన్న తలుపు వైపు ఒకసారి చూసి, కూర్చోకుండానే వంగి నొక్కాడు.

కాగితం మీద సంతకం తొమ్మిదో రోజున వచ్చింది. అప్పటికి బద్వేలులో విత్తడం అయిపోయింది.