కాశయ్య గొళ్ళెం, సుక్కి కర్ర

సంస్థానం రోజుల్లో శబరి ఏటి ఒడ్డున కోంటలో ఉప్పు కొట్టు కాశయ్యకు ఉన్న తలుపుల పిచ్చి ఇంకెవరికీ లేదు. చుట్టుపక్కల దోర్ల ఆదివాసుల పల్లెల్లో ఇళ్లకు తాళాలుండవు. ఊరికి పోయేవాళ్లు గుమ్మానికి అడ్డంగా ఒక కర్ర పెట్టి పోతారు. కర్ర ఉన్న గుమ్మం ఎవరూ దాటరు, ఆ కర్ర తీసే హక్కు పెట్టినవాళ్లదే. కాశయ్యకు ఇది తలుచుకుంటే చాలు, పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చేది. వచ్చిన ప్రతి బేరగాడికీ తన సామాన్ల గది గొళ్ళెం చూపించి, లోకంలో తెలివైనవాడు ఎలా బతుకుతాడో చెప్పి పంపేవాడు.

అంతటి గొళ్ళెం వేసిన గదిలో నెయ్యి తరిగిపోసాగింది. పొద్దున వేసిన తలుపు మధ్యాహ్నానికి ఓరగా తెరిచి ఉండేది.

"పిల్లి పనయ్యా. గొళ్ళెం దగ్గర గీతలు చూడు" అంది భార్య జ్ఞానప్రసూన.

"గొళ్ళెం తియ్యాలంటే వేళ్లుండాలె" అన్నాడు కాశయ్య. పిల్లి చేతిలో ఓడిపోయాననుకోవడం కంటే ఇంట్లో దొంగ ఉందనుకోవడమే అతనికి హాయిగా ఉంది. ఇంట్లో వేళ్లున్నవాళ్లలో తనూ భార్యా పోగా మిగిలింది, వాకిలి ఊడ్చే దోర్ల మనిషి సుక్కి.

"ఈ తలుపు మీద నీ చెయ్యి పడిందో, రేపు సంతలో పెద్దల ముందు నిలబెట్టి దొంగ అనిపిస్త" అన్నాడు ఆమెతో. సంతలో ఆ మాట పడితే కోంటలో ఏ ఇల్లూ ఆమెను గడప తొక్కనివ్వదు. చిన్నపిల్లలున్న మనిషి, ఆమె భయం ఆమెది.

ఆ పూటే కాశయ్య సరుకు కోసం తోంగ్‌పాల్ పోతున్నానని వీధంతా వినబడేలా చెప్పి, దొడ్డిదారిన తిరిగొచ్చి సామాన్ల గదిలో మిరపకాయల బస్తాల వెనక నక్కాడు. జ్ఞానప్రసూన బయట గొళ్ళెం వేసి, "నీ ఖర్మ" అని బట్టలు ఉతకడానికి శబరికి పోయింది.

కాసేపటికి గొళ్ళెం కదిలింది. టక్కుమని ఊడింది. తోక నిలబెట్టుకుని గండుపిల్లి లోపలికొచ్చి, కుండ మీది మూకుడు పక్కకు తోసి, మామగారింట్లో అల్లుడిలా తీరిగ్గా తిని, మూతి తుడుచుకుని వెళ్లిపోయింది. కాశయ్య లేచి అరవాల్సింది. కానీ వాకిట్లో సుక్కి అడుగుల చప్పుడైంది. పిల్లితో పాటు సుక్కి కూడా దొంగ కావచ్చు కదా, అని మళ్లీ నక్కాడు. అంతటి మహానుభావుడు.

సుక్కి తెరిచిన తలుపు చూసింది. ముట్టొద్దన్న తలుపు కనుక ముట్టలేదు. ఒక కర్ర తెచ్చి గుమ్మానికి అడ్డంగా పెట్టి, యజమాని వచ్చేదాకా కాపలాగా ఎదురుగా కూర్చుంది. మిరపకాయల ఘాటుకు కాశయ్య ఒకటి కాదు, వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు.

"దొంగ ఉన్నడు, రండి" అని సుక్కి కేక వేసింది. వీధి వీధంతా వచ్చింది. తడిబట్టల మూటతో జ్ఞానప్రసూనా వచ్చింది.

"నేనేనే, కాశయ్యను. కర్ర తియ్యి."

"సావుకారు తోంగ్‌పాల్ పోయిండు. కర్ర ఎనక ఉన్నోడు దొంగ."

ముఖం ఎర్రగా కందిపోయి కాశయ్య గుమ్మం దాకా వచ్చాడు. తను ఎగతాళి చేసిన ఆ సన్నటి కర్రకు అవతల అంతమంది నిలబడి ఉంటే, దాన్ని దాటడానికి అతని కాలు లేవలేదు.

"దొంగవు కాకుంటే, ఎందుకు దాక్కున్నవో చెప్పయ్యా" అంది జ్ఞానప్రసూన.

"నెయ్యి... పిల్లి తింటుంది."

"సుక్కి?"

"సుక్కి కాదు."

"గట్టిగ అను. రేపటి సంత దాకా వినబడాలె."

అన్నాడు. సుక్కి లేచి, కర్ర తీసి చంకలో పెట్టుకుని, చీపురు గోడకు ఆనించి వెళ్లిపోయింది.

మర్నాడు కాశయ్య సంతకు పోలేదు. సుక్కి పనికి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. పిల్లి మాత్రం రోజూ వచ్చేది.