ఏడో చేప

వెర్నా హైకినెన్ ఇరవై ఆరు చలికాలాలు ఒక కంతలోకి చూస్తూ గడిపింది. వేసవిలో ఆమె పని సరస్సు ఒడ్డునున్న ప్రభుత్వ పార్కులో మరుగుదొడ్లు కడగడం, గుడారాలవాళ్ళకి కట్టెలు అమ్మడం. ప్రకృతి ఒడిలో మనసెంత ప్రశాంతంగా ఉందో అని వాళ్ళు కళ్ళు మూసుకుని చెబుతుంటే, "తడి తువ్వాళ్ళు కుళాయిల మీద ఆరేయకండి" అనేది.

ఫిబ్రవరికి ఉత్తర మిషిగన్‌లో సరస్సు బండలా గడ్డకడుతుంది. అప్పుడు తన రేకుల గుడిసెని దానిమీదికి లాక్కుపోయి, మంచులో తలుపంత కంత కోసి, బల్లెం పట్టుకుని కూర్చునేది. లోపల చీకటిగా ఉంటేనే కింద నీళ్ళు కనిపిస్తాయి. అందుకని ఫోను కూడా ఆపేసేది.

స్టర్జన్ మనిషంత పొడుగు చేప. ఒకప్పుడు లెక్కాపత్రం లేకుండా చంపేశారు, ఇప్పుడు ఏడాదికి సరస్సు మొత్తానికి ఆరే పట్టనిస్తారు. ఆరోది పడగానే వన్యప్రాణి శాఖవాళ్ళు వేట ముగిసిందని అందరి ఫోన్లకీ కబురు పంపుతారు. అప్పటికే బల్లెం దిగి ఉంటే చేప మనదే. ఆ తర్వాత విసిరితే చేపా పోతుంది, ఐదేళ్ళు లైసెన్సూ పోతుంది. వెర్నాకి అరవై రెండు.

ఆ శనివారం కంతలో ఒక నీడ జరిగింది. ఆమె ఆలోచించలేదు, విసిరింది. బల్లేనికి కట్టిన తాడు చేతుల్లోంచి జారిపోతుంటే గట్టిగా అరిచింది. కాసేపటికి పక్క గుడిసెలోంచి మరిది టోయివో వచ్చిపడ్డాడు.

"వదినా, ఇది చేపా, దున్నపోతా?"

"కబుర్లు తర్వాత. తాడు పట్టు."

చేపని మంచుమీదికి ఈడ్చాక టోయివో జేబులోంచి ఫోను తీశాడు. మొహం పాలిపోయింది. "తొమ్మిదీ పద్నాలుగుకి మూసేశారు వదినా. ఇప్పుడు ఇరవై మూడైంది."

"నేనెప్పుడు విసిరాను?"

"నన్నడుగుతావేం? తొమ్మిదింటికే అని చెప్పేయ్. చూసిందెవరు?"

అలా చెప్పాలని ఆమెకీ ఉంది. కానీ ఒడ్డున చేపల నమోదు బల్ల దగ్గర కూర్చున్న అధికారి కర్టిస్ మొహం చూశాక అబద్ధమాడలేకపోయింది.

"ఎప్పుడు విసిరానో తెలీదు బాబూ. ఇదేదో సరదాగా చెప్తున్నాననుకోకు."

కర్టిస్ పెన్ను కింద పెట్టాడు. "వెర్నా గారూ, అలాగైతే నేను రాసుకోలేను." ఆమె వెనక నిలబడ్డ మరిది వైపు తిరిగాడు. "ఆవిడ అరిచినప్పుడు నువ్వేం చేశావు?"

"పరిగెత్తాను."

"వెంటనేనా?"

"దాదాపు."

"దాదాపు అంటే?"

టోయివో టోపీ సర్దుకున్నాడు. "ముందు మా ఆవిడకి ఫోన్ చేశా. వదినకి పడిందోయ్ అని."

కర్టిస్ చెయ్యి చాపాడు. ఫోను తీసుకుని కాల్స్ జాబితా వేలితో పైకి జరిపి, పెన్ను మళ్ళీ అందుకున్నాడు. "తొమ్మిదీ పదకొండు. అంటే బల్లెం అంతకంటే ముందే దిగింది. ఏడో చేప." మొప్పకి చీటీ కట్టాడు.

వెర్నా ఒక బకెట్టు బోర్లించి దానిమీద కూలబడింది. "నా అరచేతులు చిట్లిపోతుంటే నువ్వు పెళ్ళాంతో కబుర్లాడుతున్నావా?"

"రెండు నిమిషాలే వదినా."

"మళ్ళీ ఫోన్ చెయ్యి. చేపకి పొగ పెట్టాలి, పొయ్యి అంటించమను." ఆమె చేతితొడుగులతో మొహం తుడుచుకుంది. "ఈసారి ఎంతసేపు మాట్లాడుకుంటావో మాట్లాడుకో."